డబ్బా మీది గుర్రాలు: టర్బో పికప్‌కి బయటి ఇన్‌టేక్ కిట్ ఎంత బలమిస్తుంది?

అమెరికాలో పికప్ కొన్నవాళ్ళు బండికి మొట్టమొదట చేయించే మార్పుల్లో ఎయిర్ ఇన్‌టేక్ ఒకటి. కంపెనీ బిగించిన నల్ల ప్లాస్టిక్ పెట్టె ఊడదీస్తారు. దాని స్థానంలో నున్నటి లావుపాటి గొట్టం, దాని కొసన గరాటు ఆకారంలో ఎర్రటిదో నీలిదో ఫిల్టరు వస్తాయి. ధర మూడు నాలుగు వందల డాలర్లు. స్క్రూడ్రైవరు, సాకెట్ స్పానర్లు ఉంటే ఇంటి ముందే గంట గంటన్నరలో అయిపోయే పని. డబ్బా మీద మాత్రం పెద్ద అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది: పది హార్స్‌పవర్ అదనం, పదిహేను అదనం, ఒక్కోసారి ఇరవై.

బిగించి మొదటిసారి యాక్సిలరేటర్ తొక్కగానే అంతవరకూ వినపడని టర్బో ఈల చెవిన పడుతుంది. అక్కడితో మనసు తీర్పు చెప్పేస్తుంది. డల్లాస్ చుట్టుపక్కల స్థిరపడి పికప్ కొన్న మన తెలుగువాళ్ళలోనూ ఈ ముచ్చట ఇలాగే నడుస్తుంది. "ఏమన్నా తేడా తెలిసిందా అన్నా?" అంటే, "బండి దూకుతోంది తమ్ముడూ!" అంటాడు. "కొలిచి చూశావా?" అంటే మాట మారుస్తాడు.

ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న గురించి. టర్బో ఉన్న పికప్‌లో ఇన్‌టేక్ ఒక్కటే మారిస్తే బలం పెరుగుతుందా? పెరిగిందని చూపే కాగితాలను ఎంతవరకూ నమ్మొచ్చు? ఉదాహరణకి ఒక బండిని పట్టుకుందాం: ఫోర్డ్ ఎఫ్-150, 3.5 లీటర్ల ఎకోబూస్ట్ వీ6. రెండు టర్బోలతో 2011 మోడల్‌గా వచ్చినప్పుడు దాని బలం 365 హార్స్‌పవర్, టార్క్ 420 పౌండ్-ఫీట్. అమెరికాలో దశాబ్దాలుగా అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోతున్న పికప్ వరస ఇదే కాబట్టి, ఇన్‌టేక్ కిట్ల వ్యాపారానికీ ఇది పెద్ద సంత.

పాత నమ్మకం, కొత్త ఇంజిను

ఇన్‌టేక్ మారిస్తే బలం వస్తుందన్న నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. కార్బ్యురేటర్ల రోజుల్లో అది నిజమే. ఇంజిన్ మీద బోర్లించిన తప్పేలాలాంటి ఎయిర్ క్లీనరు ఉండేది. దాని మూత తిరగేసి బిగిస్తే నాలుగువైపుల నుంచీ గాలి దూరేది, ఇంజిన్ గర్జించేది, బలమూ కాస్త పెరిగేది. నూనె పట్టించిన దూది ఫిల్టర్లకు పేరుపడిన కే అండ్ ఎన్ కంపెనీ 1969లో కాలిఫోర్నియాలో మొదలైంది. ఆ కాలపు ఇంజిన్లలో చాలావాటికి టర్బో లేదు. పిస్టన్ కిందికి దిగేటప్పుడు తనంతట తాను ఎంత గాలి పీల్చుకోగలిగితే అంతే. దారిలో రెండు శాతం అడ్డు ఉంటే బలంలో సుమారు రెండు శాతం పోయినట్టే. అడ్డు తీస్తే అది తిరిగొస్తుంది. లెక్క సూటిగా ఉండేది.

పికప్‌లలోకి టర్బో వచ్చాక ఆ సూటిదనం పోయింది. 1989లో డాడ్జ్ రామ్‌కి కమిన్స్ వారి 5.9 లీటర్ల టర్బో డీజిల్ ఇంజిన్ వచ్చింది. బలం 160 హార్స్‌పవరే అయినా టార్క్ 400 పౌండ్-ఫీట్. 1991లో జీఎంసీ సైక్లోన్ అనే చిన్న పికప్ టర్బో పెట్రోల్ ఇంజిన్‌తో 280 హార్స్‌పవర్ చూపి స్పోర్ట్స్ కార్ల వాళ్ళను కంగారుపెట్టింది. ఎకోబూస్ట్ వచ్చాక పెట్రోల్ టర్బో మామూలు పనిబండికి కూడా దిగింది. ఇంజిన్ మారింది గానీ డబ్బా మీది మాట మారలేదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

లస్కరు చేతిలో షట్టరు

గోదావరి కాలువల కింద వ్యవసాయం తెలిసినవాళ్ళకి ఈ విషయం చిటికెలో అర్థమవుతుంది. తూము దగ్గర లస్కరు ఉంటాడు. పిల్లకాలువలో ఇంత మట్టానికి నీళ్ళు పోవాలని అతనికి పైనుంచి ఆజ్ఞ. ఎగువన పెద్దకాలువలో పూడిక తీశారు, నీళ్ళు జోరుగా వస్తున్నాయి. అతనేం చేస్తాడు? షట్టరు కాస్త దించుతాడు. మీ చేలోకి పారే నీళ్ళు నిన్న ఎన్నో ఇవాళా అన్నే.

టర్బో ఇంజిన్‌లో ఆ లస్కరు పేరు ఈసీయూ, ఇంజిన్ కంప్యూటరు. షట్టరు పేరు వేస్ట్‌గేట్. ఈ కాలపు బండిలో యాక్సిలరేటర్ తొక్కడమంటే గాలి తలుపు తెరవడం కాదు, కంప్యూటరుకి అర్జీ పెట్టడం. ఆ అర్జీ అందుకుని ఇప్పుడు ఇంత టార్క్ ఇవ్వాలని అది నిర్ణయిస్తుంది. అంత టార్క్‌కి ఎంత గాలి కావాలో, అంత గాలికి ఎంత బూస్ట్, అంటే టర్బో గాలిని నొక్కే ఒత్తిడి, కావాలో లెక్క కడుతుంది. ఇంజిన్ వదిలే పొగ టర్బోని తిప్పుతుంది కదా, ఆ పొగలో కొంత టర్బోకి తగలకుండా పక్కదారిన పంపే తలుపే వేస్ట్‌గేట్. బూస్ట్ లక్ష్యం దాటబోతే అది తెరుచుకుంటుంది, తగ్గితే మూసుకుంటుంది.

ఇప్పుడు ముందున్న గాలిదారి విశాలం చేశారనుకోండి. టర్బో తక్కువ శ్రమతోనే లక్ష్యం చేరుతుంది. కంప్యూటరు వేస్ట్‌గేట్‌ని ఇంకాస్త తెరుస్తుంది. సిలిండర్లలోకి వెళ్ళే గాలి అంతే, టార్క్ కూడా అంతే. మిగిలేదల్లా టర్బోకి కాస్త విశ్రాంతి.

అలాగని పూడిక తీత దండగని కాదు. నీళ్ళు చాలనప్పుడు శివారు భూములకి దాని విలువ తెలుస్తుంది. వేస్ట్‌గేట్ పూర్తిగా మూసుకున్నా బూస్ట్ లక్ష్యానికి చేరని పరిస్థితి వస్తే, అప్పుడు గాలిదారిలో తగ్గిన ప్రతి అడ్డూ బలంగా మారుతుంది. అలాంటి పరిస్థితి ఎప్పుడొస్తుందన్నది కాసేపాగి చూద్దాం. ముందు ఆ అడ్డు ఎంతో కొలవాలి.

మేస్త్రీ గొట్టంతో కొలత

దీన్ని కొలవడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకపు నీళ్ళ గొట్టం చాలు. ఒక గజం గొట్టాన్ని ఆంగ్ల 'యూ' అక్షరంలా వంచి చెక్కకి బిగించి, సగం వరకు రంగునీళ్ళు పోస్తారు. ఒక కొస గాలికి వదిలేస్తారు. రెండోదాన్ని ఫిల్టరుకీ టర్బోకీ మధ్య ఇన్‌టేక్ గొట్టానికి కలుపుతారు. ఇంజిన్ గాలి పీల్చేకొద్దీ ఒక కాడలో నీళ్ళు పైకి లేస్తాయి, రెండోదాంట్లో దిగుతాయి. రెండు మట్టాల మధ్య ఎన్ని అంగుళాలుంటే అంత అడ్డు. ఈ రంగంలో వాళ్ళు ఇప్పటికీ ఫిల్టరు అడ్డుని 'నీటి అంగుళాల్లో'నే చెబుతారు. పెద్ద డీజిల్ లారీల్లో 25 అంగుళాలు దాటితే ఫిల్టరు మార్చమంటారు. దాదాపు 28 అంగుళాలైతే ఒక పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి ఒక పౌండు ఒత్తిడి.

ఇప్పుడు లెక్కకి వద్దాం. 365 హార్స్‌పవర్ తీస్తున్న పెట్రోల్ ఇంజిన్ నిమిషానికి సుమారు 16, 17 కిలోల గాలి మింగుతుంది. అంటే దాదాపు 14,000 లీటర్లు, మన మేడల మీద కనిపించే వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకులు పద్నాలుగు. వింటే గుండె ఝల్లుమంటుంది. ఇంత గాలి ఆ కాగితం మడతల్లోంచి ఎలా పోతుందన్న అనుమానమే కిట్లను అమ్మిస్తుంది. పోతుంది. మడతలన్నీ విప్పి పరిస్తే ఆ కాగితం పెద్ద చాపంత ఉంటుంది.

డ్యూరామ్యాక్స్ డీజిల్ పికప్ ఫిల్టర్లను ఐఎస్ఓ 5011 అనే ప్రమాణ పద్ధతిలో పోల్చిన పరీక్ష ఒకటి ఈ రంగంలో బాగా ప్రసిద్ధం. నిమిషానికి 350 ఘనపుటడుగుల గాలి పంపినప్పుడు కంపెనీ కాగితం ఫిల్టరు అడ్డు ఆరు అంగుళాల పైచిలుకు వచ్చింది. నూనె దూది ఫిల్టరు అడ్డు నాలుగున్నర దగ్గర ఆగింది. తేడా రెండంగుళాల లోపు. వాతావరణ పీడనం మొత్తం 400 అంగుళాలకు పైమాటే. అందులో రెండంగుళాలంటే అర శాతం కూడా కాదు. టర్బో లేని ఇంజిన్‌కైనా దాని విలువ ఒకటి రెండు హార్స్‌పవర్లే.

సరే, కిట్ అంటే ఫిల్టరు ఒక్కటే కాదు, గొట్టమూ పెట్టే కలిపి కదా అంటారు. ఇంకాస్త ఉదారంగా చూద్దాం. పాత సామానుతో టర్బో ముందు ఒక పీఎస్ఐ లోటు ఉందనీ, కిట్‌తో అది సగమైందనీ అనుకుందాం. సముద్రమట్టంలో గాలి 14.7 పీఎస్ఐ, కావలసిన బూస్ట్ 14. పాత సామానుతో టర్బో గాలిని 2.1 రెట్లు నొక్కాలి, కిట్‌తో 2.02 రెట్లు నొక్కితే చాలు. ఈ తేడా వల్ల టర్బోలోంచి వచ్చే గాలి ఐదారు డిగ్రీలు చల్లగా ఉంటుంది. మధ్యలో ఇంటర్‌కూలర్ ఆ వేడిలో ఎక్కువ భాగం తీసేస్తుంది కనుక ఇంజిన్‌కి చేరేసరికి మిగిలే తేడా రెండు డిగ్రీలు. బలంలోకి మారిస్తే రెండో మూడో హార్స్‌పవర్లు, అదీ కంప్యూటరు ఒప్పుకుంటే. డబ్బా మీద మాత్రం పదిహేను!

రోలర్ల మీద పుట్టే అంకెలు

మరి ఆ పదిహేను చూపించే కాగితాలు, బండి బలం కొలిచే డైనో యంత్రం ఇచ్చేవి, అబద్ధాలా? చాలావరకు కావు. అంకెలు నిజంగానే రోలర్ల మీద వచ్చినవి. అవి ఎలా వచ్చాయన్నదే అసలు కథ.

డైనో షాపులో ఒక పూట నిలబడి చూడండి. పికప్‌ని వెనక్కి నడిపించి వెనక చక్రాలు నేలలో పాతిన పెద్ద ఇనుప డ్రమ్ము మీద నిలబెడతారు. నాలుగు మూలలా పట్టీలతో నేలకి బిగిస్తారు. ముందు మనిషెత్తు ఫ్యాను పెడతారు. నాలుగో గేరో ఐదో గేరో వేసి, యాక్సిలరేటర్ ఒక్కసారి నేలకి నొక్కుతారు. పది పదిహేను సెకన్లు షెడ్డు అదిరిపోతుంది. డ్రమ్ము ఎంత త్వరగా వేగం అందుకుందో చూసి కంప్యూటరు చక్రాల దగ్గరి బలాన్ని లెక్క కడుతుంది. ఇంజిన్ దగ్గర 365 ఉన్న బండి గేర్‌బాక్స్, యాక్సిల్ నష్టాలు పోను చక్రాల దగ్గర 300 చుట్టుపక్కల చూపిస్తుంది. అదే బండిని ఏమీ మార్చకుండా వెంటవెంటనే మూడుసార్లు నడిపినా అంకెలు ఒకటి రెండు శాతం అటూ ఇటూ ఊగుతాయి. అంటే మూడు నుంచి ఆరు హార్స్‌పవర్లు. మనం వెతుకుతున్న లాభం ఆ ఊగులోనే మునిగిపోయేంతది.

ఆపైన సవరణ గుణకం ఉంది. వేడి రోజున తీసిన అంకెనీ చల్లని రోజున తీసిన అంకెనీ పోల్చడానికి, వాతావరణాన్ని బట్టి అంకెను సరిచేస్తారు. ఎస్ఏఈ జే1349 ప్రమాణం 25 డిగ్రీల వేడినీ, 99 కిలోపాస్కల్స్ పొడిగాలినీ ఆధారంగా తీసుకుంటుంది. 'ఎస్‌టీడీ' అనే పాత పద్ధతి అంతకన్నా చల్లని, చిక్కని గాలిని తీసుకుంటుంది. కాబట్టి ఒకే పరుగుకి నాలుగు శాతం ఎక్కువ చూపిస్తుంది. 300కి అది 12. మొదటి కాగితం ఎస్ఏఈలో, రెండోది ఎస్‌టీడీలో అచ్చయితే చాలు, బండిని ముట్టుకోకుండానే ఒక కిట్ పెట్టినంత లాభం కనిపిస్తుంది. వాతావరణం కొలిచే సెన్సరు వేడి ఇంజిన్ పక్కన ఉండి ఐదు డిగ్రీలు ఎక్కువ చూపినా మరో ఒక శాతం కలుస్తుంది.

పైగా ఈ సవరణ సూత్రం సహజంగా గాలి పీల్చే ఇంజిన్ల కోసం పుట్టింది. డెన్వర్ నగరం సముద్రమట్టానికి 1,609 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గాలి ఒత్తిడి సుమారు 83 కిలోపాస్కల్స్. ఆ ఎత్తులో సూత్రం ప్రకారం అంకెకి 20 శాతానికి పైగా కలపాలి. కానీ టర్బో బండి ఎత్తులో పోయిన గాలిని తనే చాలావరకు పూడ్చుకుంటుంది. పోని బలాన్ని కూడా సూత్రం తిరిగి జమచేస్తుంది! ఎత్తైన ఊళ్ళలో టర్బో బండ్ల డైనో కాగితాలు చూసి తబ్బిబ్బవడానికి ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక వరస. పొద్దున్నే రోడ్డు మీదుగా వచ్చిన బండిని పాత సామానుతో మూడుసార్లు పరిగెత్తిస్తారు. ఇంటర్‌కూలర్, ఆయిలు, ఇంజిన్ అన్నీ వేడెక్కి ఉంటాయి. అంకె కాస్త పడుతుంది. తర్వాత కిట్ బిగించడానికి గంట పడుతుంది. ఆ గంటలో బండి చల్లారుతుంది. మళ్ళీ పరిగెత్తిస్తే అంకె పెరుగుతుంది. పెంచింది కిట్టా, చల్లారడమా? బిగించేటప్పుడు చాలామంది బ్యాటరీ వైరు తీసి పెడతారు. దాంతో కంప్యూటరు అంతకుముందు ఇంధనం గురించి, నాకింగ్ గురించి నేర్చుకున్నవన్నీ మరిచిపోతుంది. కొన్ని పరుగుల వరకు అది వేరే బండిలా ప్రవర్తించవచ్చు. పాత పరుగులు 87 ఆక్టేన్ పెట్రోలుతో, కొత్తవి 93తో చేస్తే ఇక చెప్పేదేముంది.

మరో చమత్కారం ప్రకటనల్లో ఉంటుంది. 'గరిష్ఠ లాభం' అంటే అత్యధిక బలంలో వచ్చిన తేడా అనుకుంటాం. చాలాసార్లు అది ఇంజిన్ వేగమంతటా రెండు గీతలు ఎక్కడ ఎక్కువ ఎడంగా ఉన్నాయో ఆ ఒక్క చోటి తేడా. 3,200 ఆర్‌పీఎం దగ్గర టర్బో అర సెకను ముందు అందుకుంటే అక్కడ పదిహేను కనిపించవచ్చు. పైన కొసకి వచ్చేసరికి గీతలు కలిసిపోయి ఉండవచ్చు.

గాలిని సెన్సరుతో తూచే బండ్లలో ఇంకో మెలిక ఉంది. మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సరు కంపెనీ గొట్టం వెడల్పుకి తగ్గట్టు అమరి ఉంటుంది. గొట్టం లావైతే అదే గాలి నెమ్మదిగా పారుతుంది, సెన్సరు తక్కువ గాలి అనుకుంటుంది, కంప్యూటరు పెట్రోలు తగ్గిస్తుంది. పూర్తి తొక్కుడులో ఇంజిన్ మామూలుగా పెట్రోలు ఎక్కువే తాగుతుంది కాబట్టి కాస్త తగ్గితే బలం కాస్త పెరుగుతుంది. అంటే లాభం గాలి వల్ల కాదు, పెట్రోలు పలచబడ్డం వల్ల. కంపెనీ భద్రత కోసం ఉంచిన అంతరాన్ని మనం తినేశామన్నమాట. మొదటి తరం 3.5 ఎకోబూస్ట్‌లో ఆ సెన్సరు లేదు. మానిఫోల్డ్ ఒత్తిడిని, వేడిని చూసి గాలిని లెక్కగట్టే పద్ధతి దానిది. కాబట్టి ఈ మాయ దాని మీద పారదు.

బానెట్ మూస్తే

డైనో మీద బానెట్ ఎత్తి ఉంటుంది, ముందు ఫ్యాను వీస్తుంటుంది. గరాటు ఫిల్టరు హాయిగా షెడ్డు గాలి పీలుస్తుంది. రోడ్డు మీద బానెట్ మూసి ఉంటుంది. పక్కనే ఎర్రగా కాలే టర్బోలు, రేడియేటర్ మీదుగా వచ్చే సెగ. కంపెనీవాళ్ళ నల్ల పెట్టె చూడ్డానికి అనాకారిగా ఉన్నా, ముందు జాలీ దగ్గరి బయటిగాలినే లోపలికి తెస్తుంది. కిట్‌లో పెట్టె, మూత లేకుండా ఫిల్టరు బయటికి వదిలేసి ఉంటే, ట్రాఫిక్‌లో నిలిచిన బండి బయటి గాలికన్నా ఎంతో వేడిగాలి పీలుస్తుంది. గాలి పది డిగ్రీలు వేడెక్కితే సాంద్రత మూడు శాతం పైగా తగ్గుతుంది. గొట్టం వెడల్పు వల్ల వచ్చిందంతా అక్కడే పోతుంది. అందుకే పెట్టెతో సహా వచ్చే కిట్లకీ, బోడి ఫిల్టరు కిట్లకీ మధ్య తేడా చాలా ఉంది.

ఎదురుగాలిని నోరు తెరిచి పట్టుకుంటామనే 'ర్యామ్ ఎయిర్' కిట్లూ ఉన్నాయి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఇచ్చే ఒత్తిడి అర కిలోపాస్కల్ లోపు. అది కూడా వాతావరణ పీడనంలో అర శాతమే.

దుమ్ము అడిగే అద్దె

బలం మాట అలా ఉంచి, ఫిల్టరు అసలు పని దుమ్ము ఆపడం. పైన చెప్పిన పరీక్షలోనే కంపెనీ కాగితం ఫిల్టరు పరీక్షదుమ్ములో 99.9 శాతానికి పైగా ఆపింది. నూనె దూది ఫిల్టరు 97 శాతానికి కాస్త దిగువన నిలిచింది. మూడు శాతమే కదా అనిపిస్తుంది. లోపలికి పోయే దుమ్ము వైపు నుంచి చూడండి: ఒకటి వెయ్యి గ్రాములకి ఒక గ్రాము లోపు వదిలితే, రెండోది ముప్ఫై గ్రాముల పైన వదిలింది. దుమ్ములో ఉండేది సిలికా, ఇసుక. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే టర్బో రెక్కలకీ, పిస్టన్ రింగులకీ అది గరుకుకాగితం. రెండంగుళాల నీటి అడ్డు తగ్గించుకోవడానికి ముప్ఫై రెట్ల దుమ్ము మింగడం ఏ లెక్కన లాభమో ఎవరికి వారే తేల్చుకోవాలి. అన్ని బయటి ఫిల్టర్లూ ఇలాగే ఉండవు. కాగితంలాంటి పొడి మాధ్యమంతో చేసినవీ ఉన్నాయి. ఐఎస్ఓ 5011 ఫలితం అడిగి కొనడం మంచిది. బిగించాక వాడిన ఇంజిన్ ఆయిల్‌ని ల్యాబుకి పంపి సిలికాన్ ఎంతుందో చూడటం ఇంకా మంచిది.

మైలేజీ ఆశ కూడా పెట్టుకోనక్కర్లేదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ఈ విషయమే పరిశీలించింది. కంప్యూటరు నడిపే పెట్రోల్ ఇంజిన్లలో పూడిపోయిన ఫిల్టరు తీసి కొత్తది పెట్టినా మైలేజీ పెరగలేదు. వేగం అందుకునే సమయం మాత్రం 6 నుంచి 11 శాతం మెరుగుపడింది. పూడిన ఫిల్టరు స్థానంలో కొత్తది పెడితే వచ్చిన లాభమిది. శుభ్రమైన ఫిల్టరు మార్చి ఇంకో శుభ్రమైనది పెడితే వచ్చేది కాదు.

శివారు భూములు

కిట్ నిజంగా పనికొచ్చే చోట్లున్నాయి. మొదటిది, ట్యూనింగ్ చేయించిన బండి. కంప్యూటరులో బూస్ట్ లక్ష్యం పెంచి రాస్తే టర్బో తన శక్తి కొసల దాకా పనిచేస్తుంది. షట్టరు పూర్తిగా ఎత్తేసినా నీళ్ళు చాలని స్థితి అది. అప్పుడు గాలిదారి అడ్డు తగ్గితే ఫలితం కొలతకి దొరుకుతుంది. అయితే బలంలో పెద్దవాటా ట్యూనింగ్‌దే, కిట్‌ది చిన్నవాటా. చాలా ప్రకటనలు రెండింటినీ ఒకే కాగితం మీద చూపి పేరు కిట్‌కి రాస్తాయి. రెండోది, పల్చని గాలిలో ఎత్తైన కనుమ ఎక్కుతూ, వెనక మూడు నాలుగు టన్నుల ట్రైలరు లాగుతున్న బండి. మూడోది, పై కొస ఆర్‌పీఎంలో టర్బో అలిసిపోయే చోటు. అక్కడ నాలుగైదు హార్స్‌పవర్లు దొరికితే ఆశ్చర్యం లేదు.

ఫోర్డ్ తనే 2017లో ఈ ఇంజిన్‌ని కొత్తగా మలిచినప్పుడు టార్క్ 420 నుంచి 470కి, బలం 375కి చేరాయి. అదే ఇంజిన్ ఎఫ్-150 రాప్టర్ మోడల్‌లో 450 హార్స్‌పవర్ ఇచ్చింది. టర్బోలు, ఇంధనం చిమ్మే ఏర్పాటు, కంప్యూటరు రాత అన్నీ మార్చి తెచ్చిన బలమది. గొట్టం ఒక్కటి లావు చేసి తేగలిగిందే అయితే కొన్ని డాలర్ల ప్లాస్టిక్‌కి ఆ కంపెనీ ఎందుకు వెనకాడుతుంది?

మన దారిలో

మన దగ్గర టర్బో పికప్ అంటే ముందు గుర్తొచ్చేది ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్. 2016లో తిరుపతి జిల్లా శ్రీసిటీలో మొదలైన ఫ్యాక్టరీలో అది తయారవుతోంది. ఇప్పటి 1.9 లీటర్ల డీజిల్‌కి 360 న్యూటన్ మీటర్ల టార్క్. డీజిల్ ఇంజిన్‌కి బలమిచ్చేది లోపలికి చిమ్మే డీజిల్, దాన్ని నిర్ణయించేది కంప్యూటరు. గాలి సాధారణంగా అవసరానికి మించే ఉంటుంది. ఉన్నదానికి మరికాస్త గాలి కలిపితే ఈల పెరుగుతుంది, బలం పెరగదు.

పైగా మన దుమ్ము మామూలుది కాదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారుల్లో, రాయలసీమ ఎర్రమట్టి డొంకల్లో, కోతల కాలంలో కళ్ళాల పక్కన తిరిగే బండికి ఫిల్టరే ఆయుష్షు. ట్రాక్టరు నడిపిన రైతుకి ఇది బాగా తెలుసు. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరు విప్పి అడుగున పేరుకున్న బురద చూసినవాడు ఫిల్టరు పల్చన చేద్దామని అనడు. షెడ్డుల్లో కాగితం ఫిల్టరుని ఎయిర్ గన్‌తో ఊది మళ్ళీ పెట్టే అలవాటు కూడా మానాలి. గట్టిగా ఊదితే మడతల్లో కంటికి కనపడని చిల్లులు పడతాయి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. కాలిఫోర్నియాలో ఇన్‌టేక్ కిట్‌కి అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చే ఉత్తర్వు నంబరు ఉండాలి, లేకపోతే పొగ తనిఖీలో చిక్కు. అమెరికాలో 1975 నాటి మ్యాగ్నూసన్-మాస్ చట్టం ప్రకారం బయటి సామాను పెట్టారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం కొట్టెయ్యడం కుదరదు. కానీ చెడింది దానివల్లేనని తేలితే ఆ మరమ్మతు మీదే. మన దేశంలో తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు.

మూడో కాగితం

సరైన పరీక్ష ఎలా ఉండాలో ఇప్పుడు తేలిగ్గా చెప్పుకోవచ్చు. ఒకే రోజు, ఒకే డైనో, ఒకే ట్యాంకు పెట్రోలు. బానెట్ మూసి ఉండాలి. పాత సామానులో ఫిల్టరు కొత్తదై ఉండాలి, మాసిన ఫిల్టరుతో పోటీపెట్టి గెలిచామనడం గెలుపు కాదు. ప్రతి పరుగుకి ముందు ఆయిలు వేడి, ఇంజిన్‌లోకి పోయే గాలి వేడి ఒకే అంకెకి రావాలి. ఒక్కొక్క అమరికతో కనీసం మూడు పరుగులు తీసి సగటు చూడాలి. పరుగు సాగుతుండగా బూస్ట్, వేస్ట్‌గేట్ స్థితి, స్పార్క్ సమయం, గాలి వేడి నమోదు చెయ్యాలి. బలం మారకపోయినా వేస్ట్‌గేట్ ఎక్కువ తెరుచుకుంటే లస్కరు షట్టరు దించాడని అర్థం. వీటన్నిటికన్నా ముఖ్యం, కిట్‌తో పరుగులయ్యాక దాన్ని తీసేసి పాత సామాను మళ్ళీ బిగించి మరో మూడు పరుగులు తియ్యాలి. పాత అంకె తిరిగొస్తేనే మధ్యలో కనిపించిన లాభం కిట్‌ది. రాకపోతే అది వాతావరణానిది, వేడిది, లేక యంత్రం ఊగుది.

రోడ్డు మీద మన వీపుకి తెలిసింది సాక్ష్యం కాదు. ఐదు హార్స్‌పవర్లు నిజంగా వచ్చినా ఆరు సెకన్ల పరుగులో తగ్గేది సెకనులో పదో వంతు. అంత చిన్న తేడా ఏ డ్రైవరు ఒంటికీ అందదు. చెవికి అందేది శబ్దం, దాన్నే మనసు బలంగా చదువుకుంటుంది.

కాబట్టి తీర్పు ఇది. కంపెనీ రాసిన కంప్యూటరుతో నడిచే టర్బో పెట్రోల్ పికప్‌కి ఇన్‌టేక్ కిట్ ఒక్కటే ఇచ్చే బలం సున్నాకీ ఐదు హార్స్‌పవర్లకీ మధ్య. డబ్బా మీది పదిహేను వేరేచోట పుట్టినవి. ఈల కావాలంటే ఈల కోసమని తెలిసే కొనుక్కోండి, అందులో తప్పేమీ లేదు. పెట్టె ఉన్నది, దుమ్ము ఆపుతుందని పరీక్షలో తేలినది ఎంచుకోండి. బలమే కావాలంటే ముందు పాతికో ముప్ఫయ్యో డాలర్లు పెట్టి కొత్త కాగితం ఫిల్టరు వేసి చూడండి. అయినా కిట్ మీదకే మనసు పోతే దుకాణదారుణ్ణి మూడు డైనో కాగితాలు అడగండి: పాతది, కొత్తది, మళ్ళీ పాతది. మొదటి రెండూ అందరూ చూపిస్తారు. మూడోది చూపించనివాడి దగ్గర కొనకండి.